సీఎల్ ఆరు

ఒకసారి నేను తల ఊపాను. అంతే. నోరు తెరిచి అబద్ధం ఆడలేదు, ఎవరి వస్తువూ ముట్టుకోలేదు. తలను ఒకసారి కిందికి, ఒకసారి పైకి కదిలించాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తిన్న కూరేమిటో, కిటికీలోంచి ఏ పిట్ట కనబడిందో కూడా రాసుకునే నా డైరీకి సైతం చెప్పలేదు. ఆ తేదీ కింద "జనగామ పోయి వచ్చాను. ఎండ." అని మాత్రం ఉంది. మిగిలిన పేజీ అంతా ఖాళీ. నా డైరీలలో అంత ఖాళీగా ఉన్న పేజీ మరొకటి లేదు కనుక, ఎప్పుడు తిరగేసినా చెయ్యి అక్కడే ఆగుతుంది.

ఆ రోజుల్లో మనుషులు ఒకరినొకరు పలకరించుకునే తీరే మారిపోయింది. తెలంగాణ కావాలని ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీద వంటలు చేసుకుని తింటున్న కాలం. బడులు లేవు, బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు. సమ్మెకు ముందు ఉద్యోగస్తులంతా కలిసి సెలవులు పెట్టి ఊరేగింపులకు పోయేవారు కాబట్టి, ఏడాదికి ఇన్ని అని ఇచ్చే ఆ మామూలు సెలవు, అదే సీఎల్, అందరి నోళ్లలో నానింది. మా మానుకోటలో (కాగితాల మీద మహబూబాబాద్ అని ఉన్నా మాకు అది మానుకోటే) చాయ్ బండి దగ్గర ఇద్దరు పంతుళ్లు ఎదురైతే "బాగున్నవా" అనకముందే "నీయి సీఎల్‌లు ఎన్ని మిగిలినయి" అనుకునేవారు. ఎక్కువ మిగిలినవాడు అదృష్టవంతుడు. విని విని, సెలవులు పెట్టేంత ఉద్యోగం లేని నాకు కూడా సీఎల్ అనేది ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదని మనసులో పాతుకుపోయింది. భూపాలపల్లిలో బొగ్గు గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసే మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, కూడా సమ్మెలోనే ఉన్నాడు. (ఆయన ఏనాడూ బొగ్గు తవ్వలేదు. అయినా ఆయన డ్యూటీకి పోకపోవడం వల్లనే మాకు రోజూ నాలుగింటికి కరెంటు పోతోందని మా అవ్వ గట్టిగా నమ్మేది.)

ఇంటర్‌తో చదువు ఆగిపోయి, నేనప్పుడు స్టేషన్ రోడ్డులో చాచా దగ్గర పనిచేసేదాన్ని. చాచా నాకు బంధువు కాదు, ఊరందరికీ చాచానే. ఏళ్ల తరబడి టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, టైపుకు రోజులు పోయాక మిషన్లన్నీ అమ్మేసి, వాడిన కంప్యూటర్ ఒకటి కొని, "ఆన్‌లైన్ దరఖాస్తులు నింపబడును" అని బోర్డు రాయించాడు. నింపేది నేను. నోటితో మాట్లాడటానికి బిడియపడే మనిషికి వేళ్లతో మాట్లాడే పని దొరికిందని మా బాపు సంతోషించాడు. ఆ కంప్యూటర్ కూడా నాలాంటిదే. ఒకేసారి రెండు సంగతులు అడిగితే బిగుసుకుపోయేది. అప్పుడు చాచా దాని నెత్తిన చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, "దీనికి యాది సాల్తలేదు బేటీ" అనేవాడు. యాది అంటే మా దగ్గర జ్ఞాపకం. కంప్యూటర్ మెమరీకి అంతకన్న మంచి మాట ఆ తర్వాత నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక పొడుగుజడ. ఇంటర్‌లో నా పక్కన కూర్చునేది. మరిపెడ దగ్గర తండా వాళ్లది. ఇంట్లో వాళ్ల భాష, కాలేజీలో మా భాష, రెండింట్లోనూ నా కన్న పదింతలు గట్టిగా మాట్లాడేది. నర్సు కోర్సుకు దరఖాస్తు పెట్టడానికి వచ్చింది. పేరు, ఊరు, మార్కులు అన్నీ నింపాము. ఫొటో ఎక్కించే దగ్గరికి రాగానే మా కంప్యూటర్ బిగుసుకుంది. నాలుగు రోజులాగి మళ్లీ వచ్చింది. మళ్లీ అక్కడే బిగుసుకుంది. ఊళ్లో మిగిలిన రెండు నెట్ సెంటర్లూ ఆ నెలంతా మూసే ఉన్నాయి. బస్సులు లేక ఆమె రెండుసార్లూ ఆటోలో వేలాడుతూ వచ్చింది, వేలాడుతూ పోయింది. రెండోసారి పోయే ముందు మెట్ల మీద నిలబడి చెప్పింది.

"రేపే ఆఖరు దినమట. గిది పడకపోతె నేను గూడ యాడితోని పట్నం పోవుడే. వచ్చే ఐతారం పోతున్నరు మావోళ్లు, బిల్డింగుల పనికి. ఒకసారి తట్ట నెత్తిన పెట్టుకున్నంక మళ్ల పుస్తకం ఎవలు పట్టనిస్తరే."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. చాచా అంతా విన్నాడు. ఆ పూటే పెట్టెలోంచి నోట్లు తీసి కవర్లో పెట్టి, "బేటీ, పొద్దుగాల బండికి జనగామ పో. యాది తీస్కరా" అన్నాడు. వరంగల్‌లో షాపులన్నీ బంద్. జనగామలో మాత్రం, ఒకప్పుడు చాచా దగ్గర టైపు నేర్చుకున్న ఒక అన్న ఉన్నాడు. హైదరాబాదులో కంప్యూటర్ సామాను అమ్మే దుకాణంలో చేసి, అక్కడ బందులకు పని ఆగిపోయి, సొంతూరికి వచ్చి ఇంట్లో మంచం మీద సరుకు పరుచుకుని అమ్ముతున్నాడు. అందరూ పార్ట్సన్న అంటారు. చాచాకు మోకాళ్ల నొప్పి. నాకు జనగామలో మేనత్త ఇల్లుంది కాబట్టి మా బాపు వద్దనలేడు. నేను పోవడానికి అదే అర్హత, నాకు మెమరీ గురించి తెలుసని కాదు.

తెలుసుకుందామని ప్రయత్నం మాత్రం చేశాను. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కంప్యూటర్ పుస్తకాన్ని రైల్లో ఒడిలో పెట్టుకుని చదివాను. అందులో ఒక మొత్తం అధ్యాయం కాగితానికి చిల్లులు పొడిచి జ్ఞాపకం దాచడం గురించి ఉంది. (ఆ పుస్తకం నా కన్న వయసులో పెద్దది.) జనగామ వచ్చేసరికి చిల్లుల సంగతి నాకు పూర్తిగా అర్థమైంది.

పార్ట్సన్న మంచం మీద పేపరు పరిచి రెండు పచ్చటి పట్టీలు పెట్టాడు. ఒక్కోటి చూపుడువేలుకు దాదాపు రెండింతల పొడుగు. వాటికి అతికించిన కాగితాల మీద అంకెలు. రెండింటికీ ధర ఒక్కటే అన్నాడు. ఒకటి వాడింది, సైజు ఒక జీబీ, వేగం ఆరువందల అరవై ఏడు, సీఎల్ నాలుగు. ఇంకొకటి కొత్తది, సైజు అందులో సగం, వేగం ఎనిమిది వందలు, సీఎల్ ఆరు.

"గీ పాతది తీస్కో చెల్లె. సైజు ఎక్కువ. చాచా కంప్యూటర్‌కు ఎనిమిది వందలది పెట్టినా అది ఆరువందల అరవై ఏడు మీదనే నడుస్తది. స్పీడు దండుగ" అన్నాడు.

వేగం సంగతి అర్థమైంది. సైజు సంగతి అర్థమైంది. కానీ నా కళ్లు ఆ కాగితం మీది రెండు అక్షరాల దగ్గర ఆగిపోయాయి. సీఎల్. కంప్యూటర్ మెమరీకి కూడా సీఎల్‌లు ఇస్తారా? "అన్నా, సీఎల్ అంటే ఏమిటి" అని అడిగితే ఒక నిమిషంలో తేలిపోయేది. ఆ ఒక్క ప్రశ్న నా గొంతులోంచి రాలేదు. పార్ట్సన్న వాళ్లమ్మ గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ నావైపే చూస్తోంది. ఇంత దూరం రైలెక్కి వచ్చిన పిల్లకు ఈ మాత్రం తెలియదా అనుకుంటుందని భయం. "ఫోన్ చేసొస్త" అని బయటికి వచ్చాను. మా ఇంటి మొత్తం మీద, నేను కాక, రోజూ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి చిన్నబాపు ఒక్కడే. ఆయనకు చేశాను. అవతల మైకులో పాట, డప్పుల మోత.

"చిన్నబాపూ, నేను. సీఎల్ అని రెండు ఉన్నయి. ఒకటేమో నాలుగు, ఒకటేమో ఆరు. ఏది తీసుకోవాలె?"

"ఏందీ? జర గట్టిగ చెప్పు బిడ్డా, డేరా కింద కూసున్న. ఏం నాలుగు?"

"సీఎల్."

"సీఎల్లా? నాలుగా, ఆరా? గది గూడ అడుగుతరా? ఆరు తీస్కో. ఇచ్చేటోడు ఇస్తాంటె నాలుగు సాలంటరా ఎవలన్న? మాయి అన్ని ఒడిసిపోయినయి ఈడ. ఆరు తీస్కొని సప్పుడు చేయకుండ సంతకం పెట్టు."

ఎవరో చాచాలాంటి యజమాని నాకు ఉద్యోగం ఇస్తూ సెలవుల బేరం పెట్టాడని ఆయన అనుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అంత తేటగా ఉంది. అప్పుడు మాత్రం సంతకం ఎక్కడ పెట్టాలా అని కూడా కాసేపు ఆలోచించాను. తర్వాత నా బుర్ర తనంతట తానే ఒక సిద్ధాంతం తయారుచేసుకుంది. మెమరీ కూడా అలసిపోతుంది కాబట్టి, మధ్యలో ఆరుసార్లు ఆగినా మొత్తం కంప్యూటర్ బిగుసుకోకుండా తట్టుకునే శక్తిని సీఎల్ ఆరు అంటారు. (పుస్తకాలు ఎక్కువ చదివేవాళ్లకు ఇదొక జబ్బు. తెలియనిది అడగకుండా కట్టుకుంటారు.) లోపలికి పోయి చెప్పాను.

"అన్నా, ఆరు ఉన్నదే ఇయ్యి."

"ఆరుదా? ఎందుకు చెల్లె? అందరు నాలుగుది దొరుకుతదా అని తిరుగుతరు."

"సమ్మె గద" అన్నాను.

పార్ట్సన్న నా ముఖంలోకి చూశాడు. వెక్కిరిస్తున్నానేమో అనుకున్నట్టున్నాడు. బియ్యం ఏరే చేతులు కూడా ఆగాయి. చివరికి మెల్లగా అడిగాడు.

"చాచా చెప్పిండా, ఆరుదే తెమ్మని?"

అప్పుడే నేను తల ఊపాను.

మధ్యాహ్నం రెండున్నరకు మానుకోటలో దిగాను. పొడుగుజడ అప్పటికే షాపులో ఉంది. పొద్దున ఎనిమిదింటి నుంచి కూర్చుందట. వెబ్‌సైటు ఐదింటికి మూస్తారు. మాకు నాలుగింటికే కరెంటు పోతుంది. అంటే మా చేతిలో గంటన్నర. చాచా కంప్యూటర్ డబ్బా మూత విప్పి, పాత పట్టీ పక్కన కొత్త పట్టీ నొక్కి, స్విచ్ వేశాడు. తెర వెలగలేదు. లోపలి నుంచి కూత మాత్రం వచ్చింది. పొడుగ్గా ఒకటి, ఆగి మళ్లీ ఒకటి.

"గిదేంది, లైను ఒడిసినట్టు మోగుతాంది" అన్నాడు చాచా. టైపు మిషన్‌లో లైను చివరికి వస్తే గంట మోగుతుంది. ఆయన లోకంలో ఏ కూత విన్నా ముందు అదే గుర్తుకు వచ్చేది. తీసి పెట్టాడు. మళ్లీ కూత. చోట్లు మార్చి పెట్టాడు. మళ్లీ కూత. పొడుగుజడ గోడ గడియారం వైపు చూడటం మానేసి తన చేతుల వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. నాకు ఆ చేతుల మీద తట్ట కనబడింది. చాచా పార్ట్సన్నకు ఫోన్ కలిపి, మోకాలు మీద పెట్టుకుని, అందరికీ వినబడేలా మీట నొక్కాడు. నేను ఆ మీట నొక్కొద్దని అనబోయాను. అనలేదు.

"గా పాతదానికి కొత్తదానికి కుదుర్తలేనట్టుంది చాచా" అంది ఫోను. "నేను చెల్లెకు చెప్పిన, నాలుగుది తీస్కొమ్మని. నువ్వే ఆరుదే కావాలె అన్నవంట గద."

నేను కీబోర్డులోని అక్షరాలు చూస్తున్నాను. ఎప్పుడూ చూడనట్టు ఒక్కొక్కటే చూస్తున్నాను. చాచా నావైపు తిరగలేదు. తిరిగితే బాగుండు, ఒక్క తిట్టు తిడితే బాగుండు అనిపించింది.

"హా. నేనే చెప్పిన" అన్నాడు చాచా. "ఇప్పుడేం చేయాల్నో చెప్పరా. పిల్ల కూసున్నది."

లోపల మొదటి నుంచీ ఉన్న పాతది ఎలాగూ ఇంకా చిన్నది, దాన్ని తీసేయమన్నాడు పార్ట్సన్న. కొత్తదాని అంచున ఉన్న బంగారు రంగు పళ్లను పెన్సిలు తుడిచే రబ్బరుతో రుద్ది, అదొక్కటే పెట్టమన్నాడు. రబ్బరు పొడుగుజడ సంచిలో దొరికింది. ఆమే రుద్దింది, పొయ్యి మీది గిన్నె తోమినట్టు. స్విచ్ వేస్తే ఈసారి తెర వెలిగింది. అప్పటికి మూడుంబావు. పెద్దది తెచ్చి ఉంటే అదొక్కటే పెట్టినా పరుగెత్తేది. నేను తెచ్చిన సగం పట్టీతో కంప్యూటర్ నడిచింది, కానీ మా అవ్వ మెట్లెక్కినట్టు నడిచింది. ఒక్కో పేజీ తెరుచుకునేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఫొటో దగ్గరికి వచ్చేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ. తెర మీద ఇసుక గడియారం బొమ్మ తిరుగుతోంది, తిరుగుతోంది. నేను లోలోపల దాన్ని "ఆరుసార్లు ఆగినా ఫరవాలేదు, ఏడోసారి ఆగకు" అని బతిమిలాడాను. (నా సిద్ధాంతాన్ని నేను ఇంకా వదల్లేదు.) ఫొటో ఎక్కింది. పొడుగుజడ నవ్వకుండా దిగిన ఆ ఫొటోను చూసి చాచా "మాషా అల్లా" అన్నాడు. చివరి మీట నొక్కాను. ఫ్యాను ఆగిపోయింది.

కరెంటు పోయింది. బల్ల కింది బ్యాటరీ మీద కంప్యూటర్ ఇంకా వెలుగుతోంది, అయితే అది మూడు నాలుగు నిమిషాల కన్న ఆగదు. ప్రింటరు దానికి కలిపి లేదు. తెల్లటి తెర, తిరిగే గడియారం. ఎంతసేపో తెలియదు. ఆ తర్వాత మెల్లగా, పై నుంచి కిందికి, ఒక్కొక్క గీతగా, దరఖాస్తు అందినట్టు నంబరు తెర మీదికి దిగింది. నేను కాగితం వెతికేలోపు పొడుగుజడ నా చేతిలోని పెన్ను లాక్కుని తన అరచేతిలో రాసుకుంది. చాచా చదివాడు, ఆమె రాసింది, నేను సరిచూశాను. తెర ఆరిపోయింది. ఆమె ఆ చెయ్యి మూయకుండా, ఎవరికీ తగలకుండా గాల్లో పట్టుకుని పోయి మరిపెడ ఆటో ఎక్కింది.

వారం తర్వాత పార్ట్సన్న తనే పెద్ద పట్టీ తెచ్చి మార్చి పెట్టాడు. చాయ్ తాగుతూ ఉండగా చాచా, నాకేమీ తెలియనట్టు కాక తనకే తెలియనట్టు అడిగాడు.

"జర నాకు సమజ్ చెప్పరా. గా సీఎల్ అంటె ఏంది?"

"ఆలస్యం చాచా. చాయ్ అని కేకేసినంక మొదటి గ్లాసు చేతికొచ్చేదాక ఎంతసేపు ఆగాలె, గది. అంకె పెద్దగుంటె ఎక్కువసేపు ఆగుడు. స్పీడంటెనేమో, మొదటి గ్లాసు వచ్చినంక మిగిలినయి ఎంత జల్ది వస్తయన్నది. గీ రెండు మంచిగుంటె సాలదు, కెటిల్ల చాయ్ గూడ ఉండాలె గద. నీదాని అసుంటి పాత మిషన్‌కు ముందుగాల కెటిల్ పెద్దది కావాలె. స్పీడు, ఆలస్యం అటెన్క."

"మరి పైసలు?"

"పైసలున్నోడు మూడు చూస్తడు. లేనోడు కెటిల్ చూస్తడు."

నా గ్లాసులో చాయ్ చల్లారిపోయింది. ఏరి కోరి, అందరూ వద్దనుకునే ఆలస్యాన్ని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నానన్నమాట. (తర్వాత చదివితే, ఆ అంకెను కూడా ఒంటరిగా చూడకూడదని తెలిసింది. ఎనిమిది వందల వేగం ఉన్నదానికి ఆరైనా, ఆరువందల అరవై ఏడు ఉన్నదానికి ఐదైనా ఆగే సేపు ఒక్కటేనట. ఇది తెలిసిన రోజు డైరీలో ఒక పేజీ నిండా రాశాను.) చాచా నావైపు చూసి "చాయ్ తాగు బేటీ" అన్నాడు. ఆ ఆరు ఎవరు అడిగారని ఆయన ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయనకు తెలుసునని నాకూ, నాకు తెలుసునని ఆయనకూ తెలుసు.

ఇప్పుడు ఏదైనా కొనడానికి పోతే, తెలియని మాటను దుకాణంలో గట్టిగానే అడుగుతాను. అడిగే ముందు ఇప్పటికీ, చుట్టూ ఎవరు చూస్తున్నారో ఒకసారి చూసుకుంటాను. అప్పుడు, రైల్లో చిల్లుల కాగితాల గురించి శ్రద్ధగా చదువుకుంటున్న ఆ పిల్ల కళ్ల ముందు కదిలి, ఆమె పక్క సీట్లో కూర్చుని "ఆ పుస్తకం మూసి, పోయి అన్నను అడుగు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు. ముందు నేను ఎవరో తెలియక బెదిరిపోయేది.

రెండు నెలలకు పొడుగుజడకు సీటు వచ్చింది. ఆ కాగితం ప్రింటు తీసుకోవడానికి ఒక మధ్యాహ్నం షాపుకు వచ్చింది. బస్సులు నడుస్తున్నాయి. కాగితం చేతికిచ్చాను. తండాలో అందరికీ చూపించాలని మడవకుండా అట్టల మధ్య పెట్టుకుంది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు. ఖమ్మం దిక్కు ఏదో దవాఖానలో నర్సుగా ఉందని మాత్రం విన్నాను. ఆ రోజు షాపులో నా చుట్టూ దరఖాస్తులు నింపించుకునేవాళ్లు అరడజను మంది ఉన్నారు. ఆమె మెట్లు దిగింది, ఏదో గుర్తుకు వచ్చినట్టు ఆగింది, వాళ్లందరినీ, వాళ్ల మధ్య తల వంచుకుని టైపు చేస్తున్న నన్నూ కాసేపు చూసింది.

"అందరియి నింపుతున్నవ్. నీదెప్పుడు నింపుతవే?"